హార్మోన్ మాత్రలకు ముందు ఆపరేషన్ కాగితం వెతకండి

చెల్లెమ్మా, మీకు 46 ఏళ్లని, తొమ్మిదేళ్ల క్రితం గర్భసంచి తీయించుకున్నారని, ఆరు నెలలుగా రాత్రిళ్లు ఒళ్లంతా సెగలు పుట్టి, చెమటతో దిండు తడిసిపోయి నిద్ర ఉండటం లేదని రాశారు. కావలిలో డాక్టరు గారు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మాత్రలు రాస్తే, అవి మింగితే క్యాన్సర్ వస్తుందని మీ తోడికోడలు చెప్పారట. వాడాలా, మానాలా అని అడిగారు.

నేను వైద్యురాలిని కాదు, కందుకూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులమ్మను. మూడేళ్లుగా హార్మోన్లు వాడుతున్నాను. అంతకుముందు, అవి అందక మా అక్క పడ్డ బాధ దగ్గరుండి చూశాను. మీ ప్రశ్నలో ఒక సంగతి లేదు. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీసేశారా? జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మా అక్కకూ ఈ సంగతి తెలియదు. 36 ఏళ్ల వయసులో అధిక రక్తస్రావమని వెళితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ‘సంచి తీసేశాం, ఇక బాధ లేదు’ అన్నారు. నెల తిరగకముందే సెగలు మొదలయ్యాయి. మాది పొగాకు పండించే ఇల్లు. పొగాకు ఆరబెట్టడానికి నిప్పు రాజేసిన బ్యారన్ గది తలుపు తీస్తే ముఖానికి కొట్టే వేడి తన గుండెల్లోంచే వస్తోందని అక్క అనేది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించాం, మజ్జిగ పోశాం. మనిషి చిరాకు పడుతుంటే పనిభారమనుకున్నాం. పదకొండేళ్ల తర్వాత పెరట్లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. నెల్లూరులో ఎముకల సాంద్రత పరీక్ష చేసిన డాక్టరు గారు పాత కాగితాలు అడిగారు. ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జి కాగితం దొరికింది. రెండు అండాశయాలూ తీసినట్టు అందులో స్పష్టంగా రాసి ఉంది. చదివి చెప్పగల చెల్లెలు ఇంట్లోనే ఉండి కూడా ఆ కాగితం ఎవరమూ తీయలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. వీరిలో అండాశయాలు ఉన్నాయో లేవో ఎందరికి చెప్పి ఉంటారు?

అండాశయాలు రెండూ తీసేస్తే అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 45 ఏళ్లలోపే అలా జరిగితే, వాడకూడని కారణమేదీ లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వాలన్నది వైద్యుల మాట. ఎముకలకూ గుండెకూ అది రక్ష. మీవి 37 ఏళ్లకే పోయి ఉంటే, తొమ్మిదేళ్లు ఆలస్యంగా అందుతున్న మందు ఇది. అండాశయాలు ఉంచి ఉంటే అవి ఇప్పుడు సహజంగా మందగిస్తూ ఉండవచ్చు. నెలసరి లేదు కనుక ఆ సంగతి తెలిసే దారి మీకు ఈ సెగలే. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గరే ఉంటుంది.

ఇక క్యాన్సర్ భయం. మీ తోడికోడలిని తప్పుపట్టలేను, దానికొక మూలం ఉంది. 2002లో అమెరికాలో ‘ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజెన్‌ను, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్‌ను కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలో ఆపేశారు. ఆ మందు తీసుకున్నవారిలో ఏడాదికి పదివేల మందికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అందులో చేరినవారి సగటు వయసు 63. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. మీకు రాసింది ఆ ఒక్క హార్మోనే. అరవై దాటనివారికి, ముట్లుడిగి పదేళ్లు కానివారికి సాధారణంగా నష్టం కన్నా మేలే ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలింది.

నా సంగతి వేరు, నాకు గర్భసంచి ఉంది. అలాంటివారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే సంచి లోపలి పొర మందమై అక్కడ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుకే నాకు ఈస్ట్రోజెన్ జెల్‌తో పాటు ఆ పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ గుళిక రాత్రికి ఇచ్చారు. మీ చీటీ చూసి పక్కింటావిడ, ఆవిడ చీటీ చూసి మీరు మందులు కొనుక్కోకూడదనేది ఇందుకే. జెల్ తొడకు రాసుకుని, చేతులు కడుక్కుని, ఆరేదాకా పిల్లలను ఒళ్లోకి తీసుకోను. నాలుగో వారానికి సెగలు తగ్గాయి, మూడో నెలకు రాత్రంతా నిద్రపోయాను. మొదట్లో రొమ్ముల సలుపు, కాస్త రక్తపు మరక కనిపించాయి. చెబితే డాక్టరు గారు మోతాదు సరిచేశారు.

మొదలుపెట్టే ముందు నాకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), బీపీ, షుగర్, థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేశారు. మీకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉన్నా, పక్షవాతమో గుండెపోటో వచ్చి ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా అడగకపోయినా ముందే చెప్పండి. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ ఉన్నా దాచవద్దు. బరువు, బీపీ ఎక్కువైతే మాత్రకు బదులు జెల్ గానీ చర్మానికి అంటించే ప్యాచ్ గానీ వీలవుతుందేమో అడగండి. చర్మం ద్వారా వెళ్లే మందుతో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. హార్మోన్లు పడనివారికి సెగలు తగ్గించే వేరే మందులూ ఉన్నాయి.

కాగితం దొరకకపోతే ఆపరేషన్ చేసిన చోట పాత రికార్డు గానీ, తీసిన భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టు గానీ అడగండి. అదీ లేకపోతే స్కానింగ్‌లో చూడమనండి.

మీరు రాయలేదు గానీ, యోని పొడిబారి మంట పుట్టడం, మాటిమాటికీ మూత్రంలో మంట ఉంటే డాక్టరు గారికి సిగ్గుపడకుండా చెప్పండి. దానికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. ఈ మాట భర్తకు కూడా చెప్పుకోలేక మా అక్క పదకొండేళ్లు నోరు మూసుకుంది.