బాలికల విభాగంలోనే ఆడించాలా, అబ్బాయిలతో కలిపి ఆడించాలా?

మీ అమ్మాయికి తొమ్మిదేళ్లనీ, విశాఖలో ఉంటారనీ, దివ్యా దేశ్‌ముఖ్ చదరంగంలో మహిళల ప్రపంచ కప్ గెలిచినప్పటి నుంచి తనూ అలాగే కావాలని పట్టుబడుతోందనీ రాశారు. బాలికల విభాగంలో ఆడిస్తే చాలునా, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడే ఓపెన్‌లో దించాలా అని మీ ప్రశ్న. మా అమ్మాయి కూడా ఈ ఊళ్లోనే నేర్చుకుని ఆడుతోంది. నా సమాధానం ఒక్కటే: ఓపెన్‌లో ఆడించండి. బాలికల విభాగం మానవద్దు, కానీ దాన్నే నమ్ముకుని ఉండవద్దు.

ముందు దివ్య సంగతి. పందొమ్మిదేళ్లకు ఉన్నట్టుండి వెలుగులోకి వచ్చిందనుకుంటే పొరపాటు. 2005లో నాగపూర్‌లో పుట్టింది, తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. 2012లోనే అండర్-7 జాతీయ ఛాంపియన్. 2014లో డర్బన్‌లో అండర్-10, 2017లో బ్రెజిల్‌లో అండర్-12 ప్రపంచ టైటిళ్లు. 2023లో ఇంటర్నేషనల్ మాస్టర్ అయింది, ఆ ఏడాదే ఆసియా మహిళల ఛాంపియన్ కూడా. 2024లో గాంధీనగర్‌లో 11 రౌండ్లకు 10 పాయింట్లతో బాలికల ప్రపంచ జూనియర్ కిరీటం, తర్వాత బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో జట్టు స్వర్ణంతో పాటు మూడో బోర్డు ఆటగాళ్లలో వ్యక్తిగత స్వర్ణం. ప్రపంచ కప్ జరిగిన జార్జియాలోని బటూమిలో అడుగు పెట్టేనాటికి ఆమె వెనక ఇంత ఆట ఉంది.

2025 జులైలో ఆ బటూమిలో ఏం జరిగిందో మీ అమ్మాయికి వివరంగా చెప్పండి. దివ్య అక్కడ పదిహేనో సీడ్, అంటే బలాబలాల వరుసలో పదిహేనో స్థానం. రెండో సీడ్ జు జినర్‌ను టైబ్రేక్‌లో (సమమైతే ఆడే వేగపు ఆటల్లో) ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికను, సెమీస్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ టాన్ జోంగీని దాటింది. ఫైనల్లో ఎదురుగా మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి! ఆ రోజుల్లో మా ఇల్లు రెండు వర్గాలైంది. నాకు మనసంతా హంపి వైపే, మా అమ్మాయికి దివ్య వైపే. ఎక్కువ సమయం ఇచ్చే రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. జులై 28న టైబ్రేక్‌గా పెట్టిన ర్యాపిడ్ (తక్కువ సమయపు) మొదటి ఆట కూడా డ్రా. రెండో ఆటలో దివ్యవి నల్ల పావులు. గడియారం తరుముతుంటే హంపి తడబడింది, దివ్య పట్టు వదల్లేదు, గెలిచింది. అంతకుముందు ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ (ఆ టైటిల్‌కు పోటీల్లో చూపాల్సిన అర్హత ప్రదర్శన) కూడా లేని పిల్ల ఆ గెలుపుతో నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి ఓడినందుకు నాకు బాధ కలిగిన మాట నిజమే, కానీ ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఒక బిడ్డ తల్లిగా ఆమె ఆ ఫైనల్ దాకా రావడం ఎంత గొప్పో మీ అమ్మాయికి అదీ చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. చదరంగంలో మహిళలకు విడిగా టైటిళ్లున్నాయి. మహిళా గ్రాండ్‌మాస్టర్‌కు 2300 రేటింగ్ (ఆట బలాన్ని కొలిచే అంకె), నార్మ్‌లు కావాలి. గ్రాండ్‌మాస్టర్‌కు మాత్రం 2500, అది ఆడామగా అందరికీ ఒకటే కొలత. చిన్నప్పుడే మన పిల్లల చూపు ఆ చిన్న మెట్టు మీద ఆగిపోకూడదు. హంపి 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా పోటీల్లో అబ్బాయిలతో కలిసి ఆడి అండర్-12 గెలిచింది. మూడేళ్లకే, పదిహేనేళ్ల వయసులో, గ్రాండ్‌మాస్టర్ అయింది. దివ్య కూడా ప్రపంచ కప్ తర్వాత గ్రాండ్ స్విస్ టోర్నీలో మహిళల విభాగం వదిలి ఓపెన్‌లో ఆడింది.

మన దగ్గర ఇంకో కారణమూ ఉంది. జిల్లా స్థాయి బాలికల విభాగంలో ఆడేవాళ్లు తక్కువ, ప్రతిసారీ అవే ముఖాలు. ఓపెన్‌లో రకరకాల ఆట ఎదురవుతుంది. పైగా ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) తొలి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడాలి, వాటితో లెక్కకట్టిన రేటింగ్ 1400కు తగ్గకూడదు. ఆ ప్రత్యర్థులు ఓపెన్‌లోనే ఎక్కువగా దొరుకుతారు.

ఇక్కడ పోటీలు తరచూ ఏ కల్యాణ మండపంలోనో, పాఠశాల హాల్లోనో పెడతారు. బల్లలు పెద్దవాళ్ల ఎత్తువి. చిన్నపిల్లలు కుర్చీలో మోకాళ్ల మీద నిలబడి, బోర్డు మీదికి వంగి, అవతలి గడి దాకా చేయి చాస్తారు. మా అమ్మాయి తొలి ఓపెన్‌లో బల్లకు అవతల మీసాలు నెరిసిన పెద్దమనిషి కూర్చున్నాడు. ఆమె ఓడిపోయింది. తర్వాత ఆయన పావులు మళ్లీ పేర్చి, ఏ ఎత్తు దగ్గర తన ఏనుగు చిక్కుల్లో పడిందో, ఆమె ఎక్కడ దాన్ని వదిలేసిందో ఓపికగా చూపించాడు. ఆ ఒక్క ఆటతో మా అమ్మాయి నేర్చుకున్నది బాలికల విభాగంలో తెచ్చిన కప్పులన్నిటికన్నా ఎక్కువ.

ఒక జాగ్రత్త. ఓపెన్ టోర్నీల్లో ‘ఉత్తమ బాలిక’ బహుమతి ఒకటి ఉంటుంది. అది వస్తే సంతోషించండి, కానీ ఎన్నో స్థానం వచ్చిందో కూడా చూడండి. రాష్ట్ర, జాతీయ జట్ల ఎంపికకు బాలికల విభాగం ముఖ్యమైన దారి కాబట్టి వయసు పోటీలను వదలవద్దు. దివ్య టైటిళ్లలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే.

ఇంకో మాట కూడా ఆమె నుంచే నేర్చుకోవాలి. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో ఆడి వచ్చాక, ప్రేక్షకులు తన ఆటను వదిలి బట్టలూ జుట్టూ యాసా గమనిస్తున్నారని పద్దెనిమిదేళ్ల పిల్ల బహిరంగంగా రాసింది. మీ అమ్మాయి పెద్దయ్యాక ఇలాంటివి ఎదురైతే మీతో చెప్పుకునే చనువు ఇప్పటి నుంచే ఉండాలి.

చదువు గురించి అడిగారు. తొమ్మిదేళ్లకు రోజూ గంటన్నర చాలు: సగం ఎత్తుల పజిళ్లకు, సగం తాను ఆడిన ఆటలు తిరగేయడానికి. బడికి ఏడాది మొదట్లోనే పోటీల తేదీలు రాతపూర్వకంగా ఇవ్వండి. పరీక్షల నెలలో టోర్నీలు వద్దు. విజయవాడ, గుంటూరు పోటీలకు రాత్రి రైలెక్కితే పొద్దున్నే నిద్రమొహంతో తొలి రౌండ్ ఆడాల్సి వస్తుంది. వీలైతే ముందురోజు మధ్యాహ్నానికే చేరండి. ప్రతి ఆట స్కోరు షీటూ తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టండి, కోచ్‌ను మార్చినా కొత్త కోచ్ ముందు అడిగేది ఆ ఫైలునే.