అరకు కాఫీ మీద ప్రాణం... పీఎఫ్, బంగారం అంతా పెట్టేయాలా?

ప్రశ్న: నా వయసు 41. గాజువాకలో లోన్ మీద కొన్న ఫ్లాట్ ఉంది. పరవాడలో ఫార్మా ఉద్యోగం, చేతికి 82,000 వస్తుంది. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 48,000. ఎఫ్‌డీలు 14 లక్షలు, పీఎఫ్ 11 లక్షలు, మా ఆవిడ బంగారం ఉన్నాయి. ఉద్యోగం మానేసి 25 లక్షలతో అరకు కాఫీ గింజలు వేయించి పొడి అమ్మే యూనిట్ పెట్టాలని ఎప్పట్నుంచో కోరిక. యజమాని ఉన్నదంతా పెడితేనే పనివాళ్లూ, బ్యాంకూ నమ్ముతారని మా బావగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సొంత డబ్బు పెట్టాల్సిందే. తన వంతు ఏమీ పెట్టని మనిషికి ఇంత వ్యాపారానికి బ్యాంకులు సాధారణంగా అప్పు ఇవ్వవు. అయితే 'ఉన్నదంతా' అన్న మాట దగ్గరే చిక్కు.

ముందు మీరు పంపిన లెక్క చూద్దాం. పచ్చి గింజ కిలో 500, పొడి మీద కిలోకు 180 మిగులు, నెలకు 400 కిలోల అమ్మకం, అంటే 72,000 అని రాశారు. వేయించేటప్పుడు తేమ ఆవిరై, పొట్టు రాలి బరువు 15 నుంచి 20 శాతం తగ్గుతుంది. 18 శాతం వేసుకున్నా వేయించిన గింజ కిలో మీకు 610 పడుతుంది. పెరిగిన ఆ 110ని కిలో మిగులు 180లోంచి తీసేస్తే నెలకు మిగిలేది 28,000. ఇంటికి కావాల్సింది 48,000. పైగా ఖర్చుల్లో మీ జీతం లేదు. ఇష్టపడి పెట్టిన వ్యాపారాల్లో నష్టం దాక్కునేది సరిగ్గా ఇక్కడే, యజమాని ఊరికే చేసే చాకిరీలో. మీ పేరున 40,000 జీతం ఖర్చు కింద రాసి, ధర మళ్లీ కట్టండి.

రెండోది సరుకు. అరకు, పాడేరు వైపు పంట నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దిగుతుంది. గింజల కోసం మీ లెక్కలో రాసిన 8 లక్షలకు 1,600 కిలోలు వస్తాయి. వేయిస్తే 1,312. అది మూడు నెలల పైచిలుకు అమ్మకానికే సరి. ఏడాది సరుకు సీజన్‌లోనే పట్టాలంటే గింజలకే 29 లక్షలు కావాలి. లేదంటే మిగతా నెలల్లో వ్యాపారి చెప్పిన రేటుకే కొనాలి. హోటళ్లు, కిరాణా షాపులు నెల రోజులు అప్పు అడిగితే ఆ డబ్బు కూడా మీదే.

ఇక నమ్మకం మాట. ఒక రోజు 15 కిలోల వాయి మాడిందనుకోండి. గింజల విలువే 7,500. నిబ్బరంగా ఉన్న యజమాని దాన్ని పారబోస్తాడు. భార్య బంగారం తాకట్టులో ఉన్న యజమాని అందులో చికోరీ కలిపి ప్యాక్ చేయిస్తాడు. పక్కనున్న కుర్రాడు ఆ రెండూ చూస్తాడు, ఏది చూస్తే అదే నేర్చుకుంటాడు. ఒకటో తారీఖున జీతం పడిందా, మాడిన సరుకు ఏం చేశారు అన్నదే వాళ్లకు కనబడే మీ పట్టుదల. మీ ఎఫ్‌డీ ఖాళీ అయిందో లేదో వాళ్లకు తెలియదు.

అందుకే ఇలా చేయండి. ఎఫ్‌డీల్లోంచి 5.76 లక్షలు, అంటే ఏడాది ఇంటి ఖర్చు, విడిగా పెట్టి మరిచిపోండి. మిగతా 8.24 లక్షల్లో 6.5 లక్షలే మీ పెట్టుబడి. పీఎఫ్ ముట్టుకోవద్దు. ఉద్యోగం మానిన రోజే అది మొత్తం చేతికి రాదు కూడా. బంగారం మీ ఆవిడ సొత్తు, మీ లెక్కలో రాయకండి. మీ లెక్కలోని 12 లక్షల వేయించే మెషీన్ ఇప్పుడే కొనొద్దు. మరొకరి మెషీన్ మీద కూలికి వేయించుకుని నెలకు 100 కిలోలతో మొదలుపెట్టండి. అన్నాళ్లూ ఉద్యోగం వదలకండి. అయితే సొంత వ్యాపారం చేయకూడదన్న షరతు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందేమో ముందే చూసుకోండి. వరుసగా ఆరు నెలలు నెలకు 250 కిలోలు అమ్ముడైతే, ఆ బిల్లులు పట్టుకుని మెషీన్ లోన్‌కు వెళ్లండి. 6.5 లక్షలు అయిపోయినా ఆ అంకె రాకపోతే ఆపేయాలి. ఈ మాట ఇప్పుడే కాగితం మీద రాసి మీరూ, మీ ఆవిడా సంతకాలు పెట్టుకోండి. అప్పుల్లో ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం.

సొంత పేరున ప్రొప్రైటర్‌గా ఉంటే వ్యాపారం అప్పు ఫ్లాట్ దాకా వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టినా బ్యాంకు సాధారణంగా మీ వ్యక్తిగత హామీ అడుగుతుంది. అందుకని టర్మ్ పాలసీని (జీవిత బీమా) 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద, భార్యాపిల్లల పేరున తీసుకోండి. అప్పులవాళ్లు సాధారణంగా దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టం కింద ఫారం నింపాలి, తర్వాత కుదరదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే కొత్త పాలసీలో మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు. ఫ్యామిలీ పాలసీకి ఈ నెలలోనే దరఖాస్తు చేసి, అది చేతికొచ్చాకే రాజీనామా సంగతి చూడండి.