గోడలోకి ఏ కేబుల్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డూప్లెక్స్ ఇల్లు కడుతున్నాం. స్లాబ్‌కి సెంట్రింగ్ మొదలైంది. ఇంటర్నెట్‌కి క్యాట్5ఇ కేబుల్ చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. షాపులో మాత్రం క్యాట్7 తీసుకోమంటున్నారు. ఏది వేయాలి, ఎంత కొనాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్లాబ్ పోయకముందే అడిగారు, మంచిదైంది. కేబుల్ కంటే ముందు పైపుల సంగతి చూడండి. కేబుల్ నచ్చకపోతే రేపు లాగేసి ఇంకోటి వేసుకోవచ్చు. స్లాబ్‌లో పైపుని మార్చలేం.

కరెంటు పైపులతో కలపకుండా ఇంటర్నెట్‌కి విడిగా 25 మి.మీ. పీవీసీ పైపులు వేయించండి. రెండూ పక్కపక్కన సాగేచోట కనీసం 20 సెం.మీ. ఎడం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. 230 వోల్టుల వైర్లున్న పైపులోనే ఇదీ వేసేద్దామంటే ఒప్పుకోకండి. సిగ్నల్ చెడుతుందన్నది చిన్న సంగతి, ఎక్కడైనా తొడుగు ఒరిసిపోతే కరెంటు మీ రౌటర్‌లోకి వస్తుంది. క్యాట్6 కేబుల్ మందం సుమారు 6 మి.మీ. కాబట్టి 25 పైపులో నాలుగు హాయిగా పడతాయి, 20 పైపులో రెండు దాటితే లాగేటప్పుడు పట్టేస్తాయి. మలుపుల్లో ఎల్బోలు వద్దు, పొడవాటి బెండ్లు వేయమనండి. రెండు జంక్షన్ బాక్సుల మధ్య రెండు మలుపులకు మించకూడదు. పైపు లోపల తీగ వదిలి, మూతులు మూయించండి. సిమెంటు పాలు దిగి గట్టిపడితే ఆ పైపు ఉన్నా లేనట్టే.

పైపులన్నీ ఒక్క చోటికే చేరాలి. అక్కడ గాలి ఆడాలి, ఇన్వర్టర్ లైను మీద రెండు ప్లగ్ పాయింట్లు ఉండాలి. గేటు వైపు నుంచి అక్కడికి ఒక ఖాళీ పైపు కూడా వేయించండి, ఫైబర్ కోసం. అది లేకపోతే కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్లు కిటికీ ఫ్రేముకి కన్నం పెట్టి పోతారు.

ఇక కేబుల్. మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది తప్పు కాదు. క్యాట్5ఇ మీద 100 మీటర్ల వరకూ 1 గిగాబిట్ వస్తుంది. అయినా గోడలోకి పోయేది కాబట్టి క్యాట్6 యూటీపీ (రేకు తొడుగు లేని రకం) వేయండి. 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ కూడా మోస్తుంది, మీ ఇంట్లో ఏ లైనూ అంత పొడవు ఉండదు. క్యాట్7కి వేరే రకం కనెక్టర్లు, రేకు తొడుగు, ఆ తొడుగుకి ఎర్తింగ్ కావాలి. దానికి మామూలు ఆర్జే45 పిన్ను (ఇంటర్నెట్ కేబుల్ కొసకి బిగించే ప్లగ్గు) కొడితే ఎక్కువ పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

లెక్క ఇలా వేసుకోండి: హాల్లో టీవీ వెనక 2, మూడు పడగ్గదులకు 3, పని చేసుకునే బల్ల దగ్గర 2, రెండు అంతస్తుల సీలింగ్‌లో వైఫై పెట్టెలకు 2, కెమెరాలకు 4. మొత్తం 13 లైన్లు. సగటున 18 మీటర్ల చొప్పున 234 మీటర్లు. 305 మీటర్ల పెట్టె ఒకటి సరిపోతుంది. గోడ బాక్సులో 30 సెం.మీ., లైన్లన్నీ కలిసే చోట మీటరు చొప్పున వదలండి. ప్రతి లైనుకీ రెండు కొసల్లోనూ ఒకే నంబరు అంటించండి. పెయింటింగ్ అయ్యాక ఏది ఏ గదిదో ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: ఒకే క్యాట్6 పెట్టె ఒక షాపులో సగం ధరకే ఇస్తామన్నారు. కాపరేనంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెట్టె మీద 'సీసీఏ' అని ఎక్కడైనా ఉందేమో చూడండి. అల్యూమినియం తీగకి పైన పల్చగా రాగి పూత వేసినదన్న మాట. మెరుపు చూస్తే అచ్చం రాగే. తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి. బరువు కూడా చెబుతుంది: 23 గేజి (తీగ మందం కొలత) క్యాట్6 అయితే 305 మీటర్లలో ఉండే ఎనిమిది తీగల రాగే అయిదున్నర కిలోలు దాటుతుంది. ప్లాస్టిక్‌తో కలిపి మొత్తం పెట్టె ఏడు కిలోలే తూగితే అందులో అంత రాగి లేదు.

ఇప్పటికే వేసేసిన లైనుకైతే మల్టీమీటరు చాలు. ఒక కొసలో ఏదైనా జతలోని రెండు తీగల్నీ మెలిపెట్టి, రెండో కొసలో ఆ జత నిరోధం కొలవండి. 30 మీటర్ల లైనుకి 23 గేజి రాగి అయితే సుమారు 4 ఓంలు చూపాలి. ఆరు దాటితే అనుమానించాలి. మీటరు వైర్ల సొంత నిరోధాన్ని ముందే కొలిచి తీసేయండి.

సీసీఏతో మొదట్లో ఇంటర్నెట్ వచ్చేస్తుంది, అందుకే ఇది అమ్ముడుపోతోంది. కేబుల్ మీదుగానే కరెంటు తీసుకునే కెమెరాల దగ్గర అసలు రంగు బయటపడుతుంది. వోల్టేజి దారిలోనే పడిపోయి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది. జాక్‌లో బిగించిన చోట తీగ విరగడం ఇంకో బాధ.

ప్రశ్న: పాత ఇంట్లో గదిగదికీ ల్యాండ్‌లైన్ వైరు ఉంది. ఇప్పుడు ఫైబర్ తీసుకున్నాం. ఆ వైరుతో ఇంటర్నెట్ ఇవ్వొచ్చా? పాత ఫోన్లు పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇంటర్నెట్‌కి పనికిరాదు. గిగాబిట్‌కి మెలి తిప్పిన నాలుగు జతలు కావాలి, అందులో ఉన్నవి రెండు తీగలే. కానీ ఆ వైరు పైపులో ఉంటే దాన్నే లాగుడు తాడుగా వాడుకోవచ్చు. క్యాట్6 కొసని దానికి కట్టి, ముడి ఉబ్బెత్తుగా లేకుండా టేపు చుట్టి, టాల్కం పౌడరు రాసి, ఒకరు ఇటు నుంచి తోస్తుంటే ఇంకొకరు అటు నుంచి లాగాలి. 11 కిలోల బరువుకి మించిన బలంతో లాగితే లోపలి మెలికలు సాగిపోతాయి. పట్టేస్తే బలవంతం చేయకుండా దగ్గర్లో జంక్షన్ బాక్స్ వెతకండి.

ఫోన్లు పనికొస్తాయి. ఫైబర్ పెట్టెకి ఫోన్ పోర్టు ఉంటే, అక్కడి నుంచి ఆర్జే11 తీగని (మామూలు ఫోన్ వైరు) పాత రోజెట్ బాక్సుకి (గోడ మీది ల్యాండ్‌లైన్ బాక్సు) కలపండి, గదుల్లో ఫోన్లన్నీ మోగుతాయి. ముందు మాత్రం వీధి స్తంభం నుంచి వచ్చే పాత జతని రోజెట్ దగ్గర పూర్తిగా విప్పేయాలి. ఎక్స్ఛేంజి లైను మీద 48 వోల్టుల డీసీ, రింగు వచ్చేటప్పుడు 75 వోల్టుల ఏసీ ఉంటాయి. అది మీ పెట్టెకి ఎదురొస్తే పోర్టు పోతుంది.

కొత్తగా క్యాట్6 లాగిన గదుల్లో ఫోనుకి వేరే వైరు అక్కర్లేదు. ఒక లైనుని ఫోనుకే కేటాయించి, నీలం జత (4, 5 పిన్నులు) వాడండి. ఆర్జే11 పిన్ను ఆర్జే45 జాక్‌లో పడుతుంది గానీ పక్కనున్న 1, 8 తీగల్ని వంచేస్తుంది. ఆ జాక్‌ని మళ్లీ ఇంటర్నెట్‌కి నమ్మకండి.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాను. వైఫైలో 280 వస్తోంది. కేబుల్ పెడితే 94 దాటదు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 94 అంటే లింకు 100 దగ్గర ఆగిందన్న మాట. కేబుల్ పెట్టింది స్మార్ట్ టీవీకైతే తప్పు వైరుది కాదు, చాలా టీవీల పోర్టు 100కే పరిమితం.

లాప్‌టాప్‌లోనూ ఇంతే అయితే పిన్ను బయటికి తీసి రంగులు చూడండి. రంగుల్ని జతల వరుసలోనే, అంటే నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని రెండు కొసల్లోనూ కొట్టేసి ఉంటారు. టెస్టర్ తీగ తెగిందా లేదా అనే చూస్తుంది, కాబట్టి పాస్ చేసేస్తుంది. అసలు 3, 6 పిన్నులకి వెళ్లేవి ఒకే జతలో మెలిపెట్టిన తీగలై ఉండాలి. మీ వరుసలో అవి వేర్వేరు జతలవి, పక్క తీగల రొద అంతా అందులోకి వస్తుంది. సరైన వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలూ కోసి ఇలా కొట్టండి. మెలికలు 13 మి.మీ. కంటే విప్పకండి, పై తొడుగు పిన్ను లోపలికి వెళ్లి బిగుసుకోవాలి. ఇదీ కుదరకపోతే 4, 5, 7, 8 తీగలు సరిగ్గా తగులుతున్నాయో లేదో చూడండి. 100కి 1, 2, 3, 6 చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి.

ప్రశ్న: పెరట్లో విడిగా ఉన్న షెడ్డులో కెమెరా. ఉరుములొచ్చిన ప్రతిసారీ రికార్డర్ పోర్టు కాలిపోతోంది.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రెండు కట్టడాల మధ్య రాగి కేబుల్ తీసేయండి. పిడుగు దూరంగా పడినా రెండు చోట్ల ఎర్తింగ్‌కి మధ్య తేడా వచ్చి, ఆ వోల్టేజి కేబుల్ వెంట పరిగెడుతుంది. దాని బదులు సింగిల్ మోడ్ ఫైబర్ లాగి, రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుగుని కేబుల్ సిగ్నల్‌గా, దాన్ని మళ్లీ వెలుగుగా మార్చే పెట్టెలు) పెట్టండి. వాటిని జతగా, ఒకదానికొకటి సరిపోయేవి కొనాలి. ఫైబర్‌లో కరెంటు వెళ్లదు, కాబట్టి షెడ్డులో కెమెరాకి విడిగా అడాప్టర్ కావాలి. ఫైబర్‌కి బలం కోసం ఇనుప తీగ ఉన్న రకం వాడితే, ఇంట్లోకి వచ్చే ముందే ఆ తీగని కత్తిరించేయండి.