జీతం పెరిగి పై శ్లాబులోకి వెళితే నష్టమా?

అమెరికాలో జీతం పెరిగి 22 శాతం శ్లాబులోకి వెళితే చేతికొచ్చేది తగ్గుతుందా అని అడిగారు. శ్లాబు వల్ల తగ్గదు. ఫెడరల్ ఆదాయపు పన్నులో పై రేటు గీత దాటిన సొమ్ముకే వర్తిస్తుంది. 2024లో పెళ్లికానివారికి ఆ గీత 47,150 డాలర్లు, అదీ స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి మినహాయించే నిర్ణీత మొత్తం) పోను. పన్ను లెక్కకొచ్చే ఆదాయం 48,150 అయిందనుకోండి. చివరి వెయ్యి మీద 220 డాలర్లు పోతాయి. కింది శ్లాబు రేటు 12 శాతమైతే 120. తేడా వందే! దీనికి భయపడి ఓవర్‌టైం వదులుకునేవారిని చూస్తే జాలేస్తుంది. (ఆదాయాన్ని బట్టి కోతపడే రాయితీల సంగతి వేరు.)

నన్నడిగితే, గొణగాల్సింది సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) కోసం జీతంలో పడే కోత గురించి. చిరుద్యోగికి మొదటి డాలరు నుంచే 6.2 శాతం పోతుంది. 2024లో 1,68,600 డాలర్లు దాటిన జీతం మీద మాత్రం ఒక్క సెంటూ పడలేదు.