ఎన్‌స్క్రిప్ట్‌లో తెలుగు ఫైల్ ప్రింట్‌కి పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి: సమాధానం

మీ ఫైల్ బాగానే ఉంది. టెక్స్ట్ ఫైళ్లను ప్రింట్‌కి సిద్ధం చేసే ఎన్‌స్క్రిప్ట్ (enscript) కమాండ్‌కి యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులను ఫైల్‌లో బైట్లుగా రాసే పద్ధతి) అర్థం కాదు, అదే చిక్కు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరానికో, గుణింతపు గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) 3 బైట్లు. ఎన్‌స్క్రిప్ట్ ఒక్కో బైట్‌నీ ఒక్కో అక్షరం అనుకుని అచ్చు వేస్తుంది. ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ (iconv) కమాండ్‌తో లాటిన్-1కి (పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్) మార్చినా లాభం లేదు, అందులో తెలుగే లేదు.

ఎన్‌స్క్రిప్ట్ బదులు పాప్స్ (paps) అనే కమాండ్ వాడండి. అది అక్షరాలను కూర్చే పాంగో (Pango) లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి.

1. ముందు సిస్టమ్‌లోని ఫాంట్ల జాబితా చూపే ఎఫ్‌సీ-లిస్ట్‌ని తెలుగు భాషా కోడ్‌తో (fc-list :lang=te) నడపండి. చాలామంది వదిలేసేది ఇదే. జాబితా ఖాళీగా వస్తే సిస్టమ్‌లో తెలుగు ఫాంట్ లేనట్టే, ఏ టూల్ వాడినా అక్షరాల బదులు ఖాళీ డబ్బాలే వస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వేసుకుని మళ్లీ చూడండి.

2. పాప్స్‌కి ఫాంట్ ఆప్షన్‌లో (--font) ఆ జాబితాలో ఉన్న పేరే, పక్కన సైజు 11, రెండూ ఒకే కోట్స్ మధ్య ఇవ్వండి. కోట్స్ లేకపోతే పేరు ముక్కలైపోతుంది. పేపర్ ఆప్షన్‌లో (--paper) ఏ4 పెట్టి, అవుట్‌పుట్‌ని > గుర్తుతో పీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్, ప్రింటర్లకి పంపే ఫార్మాట్) ఫైల్‌లోకి మళ్లించండి.

3. ఆ ఫైల్‌ని పీఎస్2పీడీఎఫ్ (ps2pdf) కమాండ్‌తో పీడీఎఫ్ చేయండి.

పొడవు లైన్లను ఫోల్డ్ (fold) కమాండ్‌తో ముందే విరగ్గొట్టకండి. ఫోల్డ్ పాత వెర్షన్లు బైట్లు లెక్కపెట్టి అక్షరం మధ్యలో కోసేస్తాయి. పాప్స్ తనే లైన్లు మడుస్తుంది.