వైజాగ్‌లో ఎండాకాలం వస్తే చాలు పెదవి అంచున నీటి పొక్కులు లేస్తున్నాయి, మళ్ళీ మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

ఇది ఏదో పురుగు పాకి వచ్చింది కాదు, వేడి చేసీ కాదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, ఎక్కువగా టైప్ 1. ఒకసారి ఒంట్లోకి వచ్చాక ముఖానికి వెళ్ళే నరాల మొదట్లో దాక్కుని ఉండిపోతుంది, జ్వరమో, ఎండో, టెన్షనో, నిద్రలేమో తగిలినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు.

అసలు కిటుకు టైమింగే. పొక్కు లేవకముందే ఆ చోట చిమచిమలాడుతుంది చూడండి, మందు అప్పుడే మొదలుపెట్టాలి. వైరస్‌ని అణిచే అసైక్లోవిర్ క్రీమ్ రోజుకు 5 సార్లు రాస్తే కాస్త త్వరగా మానుతుంది, అంతే, పెద్ద అద్భుతమేం కాదు. వాలాసైక్లోవిర్ మాత్రలు మేలు: పెద్దవాళ్ళకు 2 గ్రాములు, 12 గంటల తర్వాత ఇంకో 2 గ్రాములు, ఒక్కరోజుతో సరి. కిడ్నీ సమస్య ఉంటే డోసు మారుతుంది కాబట్టి డాక్టర్ని అడక్కుండా వద్దు. ఏమీ వాడకపోయినా సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో మానిపోతుంది.

మీకు ఎండే కారణంలా ఉంది, కాబట్టి ఆర్కే బీచ్‌కి వెళ్ళినా, బైక్ మీద తిరిగినా ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రాసుకోండి, టోపీ పెట్టుకోండి. ఏడాదికి ఆరుసార్లు దాటితే రోజూ చిన్న డోసు మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది, వైజాగ్ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీలోనైనా అడగొచ్చు.

పొక్కు ఉన్నన్నాళ్ళూ గిల్లకండి, టవల్ పంచుకోకండి, పసిపిల్లల్ని అస్సలు ముద్దు పెట్టుకోకండి, వాళ్ళకిది ప్రాణాంతకం కావచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.