చేపల చదువా, అడవి చదువా? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు, ఇంటర్ బైపీసీ సెకండియర్. మా బాపు ఊరి మత్స్య సొసైటీలో మెంబర్. అమెరికాలో ఫిషరీస్, వైల్డ్‌లైఫ్ రెండూ కలిపి ఒకటే డిగ్రీ ఉంటదని మా బావ చెప్పిండు, అసొంటిది ఇక్కడ ఉందా? ఇంట్లోనేమో చేపలు పట్టుడు నేర్చుకునేటందుకు నాలుగేండ్లు చదువెందుకు, మీ బాపే నేర్పుతడు గదా అంటున్నరు. నాకు పాకాల అడవన్నా పాణమే. ఏం చదవాలె?

జవాబు: చెల్లె, ముందు మీ ఇంట్లోవాళ్ల మాటకే జవాబు చెప్త, అది తేలకుంటే మిగతాది ఎంత చెప్పినా లాభం లేదు. చేపలు పట్టుడు మీ బాపుకు ఏ ప్రొఫెసర్ కంటే అయినా బాగా తెలుసు, ఏ కార్తెలో ఏ మూలకు వల వెయ్యాలె, మత్తడి దుంకినప్పుడు ఏ చేప ఎదురెక్కుతది, అదంతా యూనివర్సిటీ నేర్పదు, నేర్పే అవసరం కూడా లేదు. అక్కడ నేర్పేది వేరే. వానకాలంలో వరుసగా మబ్బు పట్టి ఎండ మొఖమే కనపడని రోజుల్లో తెల్లారగట్ల చెరువు కాడికి పోయి చూడు, బొచ్చలు రవ్వలు నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరుసుకుంట ఉంటయి, పొద్దెక్కేసరికి తెల్లగ తేలుతయి, ఇగ ఊర్లో ఎవరో మందు కలిపిండ్రని పంచాయితీ మొదలైతది. కొన్నిసార్లు నిజంగనే కలుపుతరు కావచ్చు, కానీ చానా సార్లు కారణం నీళ్లలోనే ఉంటది. నాచు, నీటి మొక్కలు పగటి ఎండకు ఆక్సిజన్ ఇస్తయి, రాత్రి అవి కూడా ఆక్సిజన్ తీసుకుంటయి, మబ్బు రోజుల్లో పగలు జమ అయ్యేది తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం అంతే, అందుకే సూర్యోదయానికి కొంచెం ముందు ఆక్సిజన్ అన్నిటికంటే కిందికి దిగుతది. లీటరు నీళ్లలో 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు ఏ ఇబ్బంది ఉండదు, 3 కంటే తగ్గితే ఆగమైతది. అదే నీళ్లలో కొర్రమట్ట మాత్రం బతికే ఉంటది, ఎందుకంటే అది మీదికొచ్చి గాలి పీల్చుకోగలదు, మార్కెట్ల టబ్బులో గంటలు గంటలు కదులుకుంట ఉండేది అందుకే. బొచ్చకు రవ్వకు ఆ అవకాశం లేదు. ఈ సంగతి తెలిసినోళ్లు సొసైటీలో ఒక్కరున్నా ఆ మబ్బు రోజుల్లో దాణా, పేడ ఎయ్యకుండ ఆపుతరు, రాత్రిపూట మోటర్ పెట్టి నీళ్లను ఎగజిమ్మిస్తరు, ఏడాది పంట దక్కుతది.

ఇంకోటి చెప్త, ఇది నాకు చదువుకునేటప్పుడు బాగా నచ్చిన ప్రాక్టికల్. రవ్వ చేప ఈపు పక్కనుంచి ఒక పొలుసు తీసి, జిగురు కడిగి, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నసన్న వలయాలు కనపడతయి, చేప బాగా ఎదిగిన కాలంలో ఎడంగ, ఎదుగుదల తగ్గినప్పుడు దగ్గర దగ్గరగ పడతయి. వాటిని బట్టి చేప వయసు అంచనా వేస్తరు. ఇంత సైజుకు రావాలంటే ఈ చెరువులో ఎన్నేండ్లు పట్టింది, తిండి సరిపోతుందా, పిల్లలు ఎక్కువ వదిలినమా అనేది అక్కడ తెలుస్తది. మన దగ్గర 2016 నుంచి సర్కారు ఉచితంగ చేపపిల్లలు ఇస్తున్నది గదా, ఎండకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. ఎందుకట్ల అంటే పెద్ద చెరువులో వాలుగలు, కొర్రమట్టలు ముందే కాచుకొని ఉంటయి, చిన్న పిల్లలను వదిలితే వాటికి బువ్వ పెట్టినట్టే. ట్యాంకర్ వచ్చినప్పుడు స్కేలు పట్టుకొని పిల్లల పొడుగు కొలిచి, సైజు తక్కువుంటే వాపస్ పంపే మనిషి ఊరికి కావాలె, ఆ మనిషి సొసైటీ బిడ్డ అయితే ఇంకా మంచిది.

అసలు ఆ పిల్లలు ఎట్ల వస్తయో కూడా మీ ఇంట్ల చెప్పు. బొచ్చ, రవ్వ, మ్రిగాల నిలిచిన చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలె, అందుకే ఒకప్పుడు నదుల్లో పట్టిన పిల్లలే దిక్కు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్ని అనే శాస్త్రవేత్తలు చేప తలకాయలోని పిట్యూటరీ గ్రంథి రసం ఇంజక్షన్ ఇచ్చి ఈ చేపలతో గుడ్లు పెట్టించిండ్రు, ఇయ్యాల మన హ్యాచరీలన్నీ ఆ దారిలోనే నడుస్తున్నయి. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినం చేసింది అందుకే. ఈ చదువు లేకుంటే మీ ఊరి చెరువుకు బొచ్చ పిల్లలు ఇంత సులువుగ దొరికేటివి కావు.

ఇగ కాలేజీ. మన రాష్ట్రంలో బీఎఫ్‌ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ చదవాలంటే వనపర్తి జిల్లా పెబ్బేరు మత్స్య కళాశాల, పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కింద 2017లో పెట్టిండ్రు. మీకు దూరమే, కర్నూల్ పోయే హైవే మీద ఉంటది. నాలుగేండ్ల కోర్సు, చివరి ఏడాదిలో ఊర్లలో, హ్యాచరీల్లో ఉండి పని నేర్చుకోవాలె, తరగతి గది కంటే అక్కడే ఎక్కువ వస్తది. ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకుతో, జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ అగ్రికల్చర్, వెటర్నరీతో కలిపి పెట్టే కౌన్సెలింగ్‌ల సీటు వస్తది. అందులో రైతు కోటా ఉంటది, దానికి పల్లెల్లో చదివినట్టు సర్టిఫికెట్లు కావాలె, ఇప్పుడే మీ స్కూళ్ల నుంచి బోనఫైడ్లు తెచ్చి పెట్టుకో, కౌన్సెలింగ్ నాడు ఉరుకులాడకు.

నువ్వడిగిన కలిపి చదివే డిగ్రీ అమెరికాలో నిజంగనే ఉంది, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల ఆ పేరుతోనే డిపార్ట్‌మెంట్ ఉంది, ఒరెగాన్ స్టేట్‌ల కూడా ఆ రెండూ ఒకటే డిపార్ట్‌మెంట్ కింద ఉన్నయి. అక్కడ చేపనూ జింకనూ ఒకటే లెక్కన చూస్తరు, ఎన్నున్నయి, ఎన్ని పుడుతున్నయి, ఎన్ని తీసుకుంటే తరగకుండ ఉంటయి అని. మన దేశంలో చేప పంట కింద లెక్క, మత్స్యశాఖ చూసుకుంటది, అడవి జంతువు రక్షణ కింద లెక్క, 1972 వన్యప్రాణి చట్టంతో అటవీశాఖ చూసుకుంటది. కాలేజీలు కూడా అట్లనే ఎవరిది వాళ్లదే. ఇది మనకు నష్టమని నేను గట్టిగ అంట, ఎందుకంటే చెరువుల ఈ రెండూ విడిగ ఉండవు. మీ బాపు వలలో ఎన్నోసార్లు తాబేలు పడి ఉంటది, మెత్తటి డిప్ప, పట్టుకోంగనే తల లోపలికి గుంజుకొని, కింద తోలు మూతలతోని వెనక కాళ్లు కూడా మూసుకుంటది చూడు, అది చట్టంలో షెడ్యూల్ ఒకటి, పులికి ఉన్నంత రక్షణ దానికుంది. అమ్మితే కేసు. వలకు పడ్డదాన్ని మెల్లగ విడిపించి నీళ్లలో వదలాలని మత్స్యకారులకు కూసొని చెప్పే మనిషి రెండు శాఖల్లోనూ అరుదు. నీటికాకులు, నీటికుక్కలు కూడా అంతే, చేపలోళ్లకు శత్రువులు, అటవీశాఖకు కాపాడాల్సినవి.

అందుకే నా మాట అడిగితే నువ్వు బీఎఫ్‌ఎస్సీకే పో. చెరువు తెలిసిన పిల్లవు, ఆ చదువు నీ చేతిల తొందరగ పని చేస్తది. అడవి మీద ప్రేమ నాలుగేండ్లల్ల పోయేది కాదు, డిగ్రీ అయినంక కూడా మనసు అటే ఉంటే బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థల వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది, రెండేండ్లకోసారి తీసుకుంటరు, సీట్లు చానా తక్కువ. చేపల లైన్‌లనే ఉంటే ముంబైలో సీఐఎఫ్‌ఈ అనే కేంద్ర మత్స్య విద్యా సంస్థల ఎంఎఫ్‌ఎస్సీకి, అంటే ఫిషరీస్ పీజీకి, ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) ఎంట్రెన్స్ రాయి. ఉద్యోగం కోసం బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు కూడా ఈ డిగ్రీ చెల్లుతది, ఇది చానామందికి తెల్వదు. ఒకటి మాత్రం ముందే తెలుసుకో, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు పనికొచ్చే డిగ్రీల లిస్టులో ఫిషరీస్ పేరు లేదు. నీ కల ఐఎఫ్‌ఎస్ అయితే నా సలహా మారుతది, అప్పుడు ఫారెస్ట్రీ కానీ, జువాలజీ ఉన్న డిగ్రీ కానీ తీసుకో.

ప్రశ్న: మేడం, మాది భూపాలపల్లి. మా పిల్లగాడు ములుగు ఫారెస్ట్ కాలేజీల చేరుత అంటుండు. మన ములుగే గదా, ఇంటి నుంచి పోయి రావచ్చా?

జవాబు: కాదన్నా, అది సిద్దిపేట జిల్లా ములుగు, హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద ఉంటది. మన ములుగులో వచ్చింది సమ్మక్క సారక్క ట్రైబల్ యూనివర్సిటీ. ఫారెస్ట్ కాలేజీ 2016లో మొదలైంది, బీఎస్సీ ఫారెస్ట్రీ నాలుగేండ్లు, హాస్టల్‌ల ఉండాల్సిందే. కోర్సు మంచిది, కానీ బాబును ఒకసారి ఏటూరునాగారం అభయారణ్యం వైపు తీసుకపోండ్రి, అక్కడ బీట్ ఆఫీసర్‌తో మాట్లాడించుండ్రి, ఎండకాలం మంటలు ఆర్పుడు, రాత్రి గస్తీ, జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్ చెట్టుకు మోకాలెత్తున కట్టి రోజుల తరబడి ఫొటోలు చూసుడు, ఆ పనంతా విన్నంక కూడా పోత అంటే ఆపకుండ్రి.

ప్రశ్న: హనుమకొండలో బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ) ఫైనలియర్. ఇప్పుడు ఎంఎఫ్‌ఎస్సీ చెయ్యొచ్చా?

జవాబు: లేదు తమ్మీ, దానికి బీఎఫ్‌ఎస్సీ ఉండాలె. నీకు పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ రాసి కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ జువాలజీ మంచి దారి. నీ డిగ్రీకి ఇంకో లాభం ఉంది, ఐఎఫ్‌ఎస్ లిస్టులో జువాలజీ, బాటనీ, కెమిస్ట్రీ మూడూ ఉన్నయి. వయసు 21 నిండితే ప్రిలిమ్స్ రాయొచ్చు, సివిల్స్ ప్రిలిమ్సే దానికి కూడా, అప్లికేషన్ నింపేటప్పుడు ఫారెస్ట్ సర్వీస్ దగ్గర కూడా టిక్ పెట్టుడు మర్చిపోకు.